మన పైథాన్ ప్రోగ్రాం పక్క కంప్యూటర్‌లో ఎందుకు నడవదు?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణం కోసం పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశారనుకుందాం. పని పెద్దదేం కాదు. రైతు పేరు, ఊరు, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ రకం కాయ, తూకం, క్వింటా ధర కొడితే చాలు. హమాలీ, కమీషన్ లాంటి ఖర్చులు పోను చేతికి ఎంత వస్తుందో లెక్కగట్టి తెలుగులో ఒక చీటీ ప్రింటు తీయాలి. మీ ఉబుంటు లాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లారు. దుకాణంలో ఉన్న విండోస్ కంప్యూటర్‌లో పైథాన్ కూడా వేసి, ఫైల్ కాపీ చేసి వచ్చారు. సాయంత్రం గుమాస్తా నుంచి ఫోన్: "బాబూ, నీది నొక్కితే నల్లగా ఒక డబ్బా వచ్చి చటుక్కున పోతోంది. ఇంకేం రావట్లేదు."

ఆ నల్ల డబ్బాలో అర సెకను కనిపించి పోయిన మాట ఏమిటో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అక్కడి నుంచి ప్రోగ్రాం నడపాలి. అప్పుడు "నో మాడ్యూల్ నేమ్డ్ ఓపెన్‌పైఎక్సెల్" అని నిలబడి కనిపిస్తుంది. అంటే మీ కోడ్ దుకాణానికి చేరింది గానీ, ఆ కోడ్ ఆధారపడిన ఎక్సెల్ లైబ్రరీ, అంటే ఎక్సెల్ ఫైళ్ల పని కోసం వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, చేరలేదు.

సీ భాషలో రాసిన ప్రోగ్రాం అయితే కంపైల్ చేసినప్పుడే ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఫైల్ తయారవుతుంది. పైథాన్, పెర్ల్, రూబీ లాంటి స్క్రిప్టింగ్ భాషల్లో మనం రాసింది టెక్స్ట్‌గానే ఉంటుంది. దాన్ని చదివి అప్పటికప్పుడు నడిపించే ఇంటర్‌ప్రెటర్ ఇంకొకటి కావాలి. మనం "నా ప్రోగ్రాం" అని చూపించే ఫైల్ వెనక నిజానికి నాలుగు సరుకులు ఉంటాయి. ఒకటి ఇంటర్‌ప్రెటర్, అందులోనూ ఫలానా వెర్షన్. రెండు, పైథాన్‌లోనే రాసిన ఇతర లైబ్రరీలు. మూడు, ఆ లైబ్రరీల్లో కొన్నింటి లోపల సీ, సీ++, ఫోర్ట్రాన్, రస్ట్ భాషల్లో రాసి కంపైల్ చేసిన ముక్కలు. నాలుగు, కోడ్ కానివి: ఫాంట్లు, బొమ్మలు, సెట్టింగుల ఫైళ్లు, డేటాబేస్. మీ లాప్‌టాప్‌లో ఈ నాలుగూ ఎప్పుడో ఒకప్పుడు మీరే ఎక్కించుకున్నారు. రోజూ కళ్ల ముందే ఉంటాయి కాబట్టి అవి ఉన్నాయన్న సంగతే గుర్తుండదు.

పైథాన్ ప్యాకేజింగ్ అంటే జనం తల పట్టుకోవడానికి కారణం పనిముట్లు తక్కువై కాదు, మరీ ఎక్కువై. పిప్, సెటప్‌టూల్స్, వీల్, కోండా, పొయెట్రీ, యూవీ, పైఇన్‌స్టాలర్, న్యూట్కా, డాకర్ అని చదువుతూ పోతే ఏది దేనికో తెలియదు. నా ఉద్దేశంలో వీటన్నిటినీ ఒకే ప్రశ్నతో విడగొట్టొచ్చు. ఆ నాలుగు సరుకుల్లో మనం మోసుకెళ్లేవి ఏవి, అవతలివాడి దగ్గర ఉంటాయని నమ్ముకునేవి ఏవి? జవాబు అవతలివాడు ఎవరన్న దాన్ని బట్టి మారుతుంది. ఇంకో ప్రోగ్రామర్ అయితే ఒకటి, సర్వర్ అయితే ఒకటి, యార్డులో గుమాస్తా అయితే పూర్తిగా వేరొకటి. పైథాన్‌తో పాటు వచ్చే పనిముట్లు దాదాపు అన్నీ మొదటి రకానికి పుట్టినవి. మనలో చాలామంది వాటితో మూడో రకం పని చేయబోయి ఇబ్బంది పడుతుంటారు.

ప్రోగ్రామర్ నుంచి ప్రోగ్రామర్‌కు

గీడో వాన్ రోసమ్ పైథాన్‌ను 1991లో బయటపెట్టారు. లైబ్రరీలను పంచుకోవడానికి ఒక పద్ధతంటూ వచ్చింది 2000లో, డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్‌తో. లైబ్రరీలన్నిటినీ ఒకచోట పెట్టే పై-పీ-ఐ భాండాగారం 2003లో మొదలైంది. ఇవాళ అందులో 5 లక్షలకు పైగా ప్రాజెక్టులు ఉన్నాయి. 2004లో సెటప్‌టూల్స్, 2008లో ఆ లైబ్రరీలను దింపి మన కంప్యూటర్‌లో ఎక్కించే పిప్ వచ్చాయి. పిప్ పైథాన్‌తో పాటే రావడం మాత్రం 2014లో, 3.4 వెర్షన్ నుంచి. ఈ పాత డిస్ట్‌యుటిల్స్‌ను 2023లో వచ్చిన 3.12 నుంచి పూర్తిగా తీసేశారు. అందుకే నాలుగైదేళ్ల కిందటి ట్యుటోరియల్ చూసి మక్కీకి మక్కీ కొడితే ఇప్పుడు పని చేయకపోవచ్చు.

ఆ పాత పద్ధతిలో ఒక లోపం ఏళ్ల తరబడి పీడించింది. ప్రతి లైబ్రరీలోనూ సెటప్ డాట్ పై అని ఒక ఫైల్ ఉండేది. లైబ్రరీ పేరు, వెర్షన్, దానికి ఇంకా ఏమేం కావాలి అనే వివరాలు అందులోనే. కానీ అది వివరాల పట్టిక కాదు, పైథాన్ ప్రోగ్రాం. ఏమేం కావాలో తెలుసుకోవడానికే దాన్ని నడిపించాలి. నడపడానికి మళ్లీ ఇంకేదో లైబ్రరీ కావాలి, అది కావాలన్న సంగతి ఆ ఫైల్ నడిస్తే గానీ తెలియదు. ఈ ముడి విప్పడానికే 2016లో పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్ అనే మామూలు పట్టిక ఫైల్‌ను ప్రతిపాదించారు. చదివితే చాలు, నడపక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇవాళ దాంతోనే మొదలుపెట్టడం మంచిది.

ఇక మూడో సరుకు దగ్గరకు వద్దాం. గొడవంతా ఇక్కడే. నంపై లాంటి లైబ్రరీలో లెక్కలు చేసే అసలు భాగం సీ భాషలో ఉంటుంది. దాన్ని సోర్స్‌గా పంపితే అవతలివాడి దగ్గర కంపైలర్ ఉండాలి. ఎండుమిరపకాయల బస్తా ఇంటికి పంపి, కారం మీరే పట్టించుకోండి అన్నట్టు. పక్కనే మిల్లు ఉంటే సరే, లేకపోతే బస్తా బస్తాలాగే ఉంటుంది. విండోస్‌లో "మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 14.0 ఆర్ గ్రేటర్ ఈజ్ రిక్వైర్డ్" అనే ఎర్రటి అక్షరాలు చూడని ఇంజినీరింగ్ విద్యార్థి గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో అరుదు. ఆ మాటకు అర్థం ఇదే: సోర్స్ వచ్చింది, ఇక్కడ మిల్లు లేదు.

కారం పట్టి ప్యాకెట్లలో పంపే పద్ధతి పేరు వీల్. దాని నియమాలు ఖాయమైంది 2013లో. వీల్ ఫైల్ అంటే పేరు మార్చిన జిప్ ఫైలే. అయితే ఆ పేరులోనే అంతా ఉంటుంది. సీపీ312 అని ఉంటే సీ-పైథాన్ (మనం మామూలుగా వాడే పైథాన్) 3.12 కోసం కట్టింది. విన్ ఏఎండీ64 అంటే 64 బిట్ల విండోస్‌కు. మెనీలైనక్స్ అని ఉంటే రకరకాల లైనక్స్‌లలో పనిచేసేలా పాత సిస్టం లైబ్రరీల మీద కట్టింది. నన్, ఎనీ అని ఉంటే లోపల కంపైల్ చేసిన ముక్కలేవీ లేవు, ఎక్కడైనా నడుస్తుంది. మన కంప్యూటర్‌కు సరిపోయే పేరు ఏదీ లేకపోతేనే పిప్ సోర్స్ వైపు వెళ్లి కంపైలర్ కోసం వెతుకుతుంది.

2020 నుంచి ఏటా అక్టోబరులో కొత్త పైథాన్ వస్తోంది. వచ్చిన వారంలోనే దాన్ని వేసుకుంటే చాలా లైబ్రరీలకు ఆ వెర్షన్ వీల్స్ ఇంకా తయారై ఉండవు. ఎర్రటి అక్షరాలు మళ్లీ పలకరిస్తాయి. ఊరికే టెన్షన్ పడి యూట్యూబ్‌లో వెతకడం కంటే ఒక మెట్టు కింది వెర్షన్ వేసుకోవడం తెలివైన పని.

వెర్షన్ల గొడవ

లైబ్రరీ పేరు రాస్తే సరిపోదు, ఏ వెర్షనో కూడా చెప్పాలి. ఎంత కచ్చితంగా చెప్పాలన్న దాంట్లోనే తికమక. మీరు పది మంది వాడుకునే లైబ్రరీ రాస్తుంటే పట్టు సడలించాలి: "ఫలానాది 2కు పైన, 3కు లోపు ఏదైనా సరే" అన్నట్టు. ఎందుకంటే పైథాన్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్‌లో (లైబ్రరీలు ఎక్కించుకునే చోటు) ఒక లైబ్రరీకి ఒక్క వెర్షనే ఉంటుంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్‌లో ఒకే ప్యాకేజీ రెండు వెర్షన్లు పక్కపక్కన ఫోల్డర్లలో సర్దుకుంటాయి, ఇక్కడ ఆ సౌలభ్యం లేదు. రెండు లైబ్రరీలు ఒకే మూడో లైబ్రరీని వేరు వేరు కచ్చితమైన వెర్షన్లలో అడిగితే ఇక రాజీ కుదరదు. 2020 చివరిదాకా పిప్ ఈ గొడవ సరిగ్గా పట్టించుకునేదే కాదు, ముందు తగిలినదాన్ని ఎక్కించి చేతులు దులుపుకునేది. ఆ ఏడాది వచ్చిన 20.3 వెర్షన్ నుంచి కుదరకపోతే కుదరదని చెప్పి ఆగుతోంది. అది నడవట్లేదని విసుక్కుంటాం గానీ, నిజం చెప్పడం మొదలుపెట్టింది అప్పుడే.

అదే మీరు దుకాణానికి ఇచ్చే అప్లికేషన్ రాస్తుంటే ఇందుకు పూర్తిగా విరుద్ధం. ప్రతి లైబ్రరీనీ, అది లాక్కొచ్చే లైబ్రరీలనూ చివరి అంకె దాకా కట్టేయాలి. దీన్నే లాక్ ఫైల్ అంటారు. ఇవాళ నడిచింది ఆరు నెలల తర్వాత సీజన్ మధ్యలో మళ్లీ కట్టినా అచ్చం అలాగే నడవాలి కదా. లైబ్రరీకి సడలింపు, అప్లికేషన్‌కు బిగింపు. నెట్‌లో ఎదురయ్యే సలహాలు ఒకదానికొకటి పొసగనట్టు కనిపించడానికి సగం కారణం, చెప్పేవాళ్లు ఈ రెంటిలో దేని గురించి చెబుతున్నారో చెప్పకపోవడమే.

ఒక్కో ప్రాజెక్టుకు విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే దాని లైబ్రరీలకు మాత్రమే ఒక వేరు ఫోల్డర్, పెట్టుకోమనేది కూడా ఇందుకే. ఉబుంటులో సిస్టం పనిముట్లు కొన్ని పైథాన్ మీదే నడుస్తాయి కాబట్టి వాటి లైబ్రరీలను మనం కెలకకుండా 23.04 నుంచి పిప్‌కు అడ్డం పెట్టారు. "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని వచ్చే ఎర్రర్ అదే. దాన్ని బలవంతంగా దాటించే మార్గం ఉంది, వాడకండి.

ఇంకొక అలవాటు కూడా మానుకోవాలి. ఈ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ను మొత్తం జిప్ చేసి పక్కవాడికి పంపేస్తుంటారు. అన్నీ అందులోనే ఉన్నాయిగా అనుకుంటారు. అందులో ఇంటర్‌ప్రెటర్ పూర్తిగా ఉండదు, మీ కంప్యూటర్‌లో అది ఎక్కడుందో చెప్పే అడ్రస్ మాత్రమే ఉంటుంది. ఆ అడ్రస్ పక్కవాడి కంప్యూటర్‌లో ఉండదు. పంపాల్సింది లైబ్రరీల పట్టిక గానీ ఫోల్డర్ కాదు.

యార్డు దుకాణానికి

గుమాస్తా గారికి పిప్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు, చెప్పకూడదు కూడా. ఆయనకు కావాల్సింది డెస్క్‌టాప్ మీద ఒక బొమ్మ. దాన్ని రెండుసార్లు నొక్కితే తెరుచుకోవాలి. నెట్ లేకపోయినా తెరుచుకోవాలి. అంటే నాలుగు సరుకులూ మనమే మోసుకెళ్లాలి.

దీనికి అందరూ వాడేది పైఇన్‌స్టాలర్. అది మీ కోడ్ చదివి ఎక్కడెక్కడ ఇంపోర్ట్ (లైబ్రరీని పిలిచే మాట) ఉందో వెతుకుతుంది. ఆ లైబ్రరీలను, వాటి డీఎల్ఎల్ ఫైళ్లను, పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను పోగుచేస్తుంది. వాటి ముందు బూట్‌లోడర్ అనే చిన్న సీ ప్రోగ్రాంను నిలబెడుతుంది. గుమాస్తా నొక్కే ఈఎక్స్‌ఈ ఆ బూట్‌లోడరే. అది ఇంటర్‌ప్రెటర్‌ను లేపితే, ఇంటర్‌ప్రెటర్ మీ కోడ్‌ను నడుపుతుంది. మీ పైథాన్ కోడ్ మెషీన్ కోడ్‌గా మారిపోయిందని అనుకోవద్దు. అంతా పక్కపక్కన పెట్టి ఒక మూట కట్టారంతే.

ఇది ఏ సిస్టం మీద కడితే ఆ సిస్టంకే వస్తుంది. ఉబుంటులో కడితే ఉబుంటు ప్రోగ్రాం, విండోస్ 64 బిట్లలో కడితే 64 బిట్ల విండోస్‌కు. దుకాణంలో ఉన్నది ఏ కాలం కంప్యూటరో ముందే చూసుకోండి. విండోస్ 7 ఇంకా నడుస్తుంటే దాని మీద పనిచేసే ఆఖరి పైథాన్ 3.8. దానికి భద్రతా సవరణలు 2024లో ఆగిపోయాయి. 32 బిట్ల విండోస్ అయితే 32 బిట్ల పైథాన్‌తో కట్టాలి. కొన్ని లైబ్రరీలు 32 బిట్ల వీల్స్ ఇవ్వడం మానేశాయి కూడా. ఒక్కోసారి "కంప్యూటర్ మార్చండి సార్" అనడమే చవకైన పరిష్కారం. అది ముందే చెబితే మర్యాద, చివర్లో చెబితే గొడవ.

పైఇన్‌స్టాలర్ రెండు రకాలుగా కడుతుంది: అంతా ఒకే ఫైల్‌గా, లేదా ఒక ఫోల్డర్‌గా. ఒకే ఫైల్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి అందరి చెయ్యీ దాని మీదికే పోతుంది. కానీ లోపల జరిగేది చూడండి. నొక్కిన ప్రతిసారీ ఆ ఫైల్ టెంప్ ఫోల్డర్‌లో తన సామానంతా విప్పుకుంటుంది. ప్రోగ్రాం మూయగానే ఆ ఫోల్డర్‌ను చెరిపేస్తుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా గుమాస్తా ఇంకో నాలుగుసార్లు నొక్కుతాడు. అది చిన్న సమస్య. పెద్దది వేరే ఉంది. చీటీలు దాచుకునే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్‌ను కూడా మీరు ఆ మూటలోనే పెట్టి, కోడ్ పక్కనున్న ఫైల్‌నే తెరవమన్నారనుకోండి. పొద్దున్నుంచి రాసిన చీటీలన్నీ టెంప్ ఫోల్డర్‌లో విప్పిన కాపీలోకి వెళ్తాయి. వెతికితే కనపడతాయి, ప్రింట్లు వస్తాయి, ఏ ఎర్రరూ రాదు. సాయంత్రం మూసి పొద్దున తెరిస్తే డేటాబేస్ ఖాళీ. యార్డు సీజన్లో ఒక్క రోజు లెక్క పోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అందుకే కోడ్ ఒకచోట, డేటా ఒకచోట ఉండాలి. కోడ్, ఫాంట్లు, బొమ్మలు మూటలో ఉండొచ్చు, అవి మారవు. రోజూ మారేది మూటలో ఉండకూడదు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాయడానికి మామూలు యూజర్‌కు అనుమతి ఉండదు కాబట్టి అక్కడా పెట్టొద్దు. యూజర్ తాలూకు యాప్‌డేటా ఫోల్డర్ సరైన చోటు. లేదా దుకాణం వాళ్లు రోజూ బ్యాకప్ తీసుకునే ఫోల్డర్ ఏదైనా ఉంటే సెట్టింగుల్లో దాని అడ్రస్ అడిగి తీసుకోండి. "ప్రస్తుత ఫోల్డర్" మీద అసలు ఆధారపడకండి. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ లక్షణాల్లో "స్టార్ట్ ఇన్" అనే గడిలో ఏముంటే అదే ప్రస్తుత ఫోల్డర్ అవుతుంది, అక్కడ ఏముంటుందో మన చేతిలో లేదు.

నేనైతే ఫోల్డర్ పద్ధతినే ఎంచుకుంటాను. ఫోల్డర్‌ను ఇన్నో సెటప్ లాంటి ఉచిత పనిముట్టుతో ఇన్‌స్టాలర్‌గా మారిస్తే గుమాస్తాకు కనిపించేది నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ మాత్రమే. వెనక ఎన్ని ఫైళ్లున్నా ఆయనకు పట్టదు.

ఇంపోర్ట్‌లను పైఇన్‌స్టాలర్ కోడ్ చదివి పసిగడుతుందన్నాను కదా, అక్కడ ఒక పరిమితి ఉంది. కొన్ని లైబ్రరీలు ఏ మాడ్యూల్ కావాలో నడుస్తుండగా పేరుతో పిలుస్తాయి. చదివేటప్పుడు అది కనపడదు కాబట్టి మూటలో చేరదు. అలాంటివాటిని మనమే "హిడెన్ ఇంపోర్ట్" కింద చెప్పాలి. పైగా ఎక్కించే పేరు, పిలిచే పేరు ఒకటి కానక్కర్లేదు: పిల్లో అని ఇన్‌స్టాల్ చేసి పిల్ అని, ఓపెన్‌సీవీ-పైథాన్ అని చేసి సీవీ2 అని ఇంపోర్ట్ చేస్తాం. మూట మరీ లావైతే లోపల ఏముందో చూడండి. ఒక్క ఎక్సెల్ ఫైల్ చదవడానికి పాండాస్ అనే పెద్ద లైబ్రరీని పిలిస్తే దాని వెనకే నంపై కూడా వస్తుంది. అలా మూట 100 ఎంబీ దాటడం మామూలే. ఓపెన్‌పైఎక్సెల్ ఒక్కటే చాలు.

తెలుగు దగ్గర తన్నే తంటాలు

ఈ భాగం ఇంగ్లిషు ట్యుటోరియళ్లలో దొరకదు, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

తేజ లాంటి మిర్చి రకాల పేర్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లో తెలుగులో రాసిపెట్టుకున్నారు. ఉబుంటులో పైథాన్ ఆ ఫైల్‌ను యూటీఎఫ్-8గానే తెరుస్తుంది, అంతా బాగుంది. మన దగ్గరి విండోస్ కంప్యూటర్లలో మాత్రం ఎన్‌కోడింగ్ (ఏ అక్షరానికి ఏ బైట్లో చెప్పే పట్టిక, యూటీఎఫ్-8 అలాంటిదే) చెప్పకుండా ఫైల్ తెరిస్తే పైథాన్ మామూలుగా 1252 అనే పాత పాశ్చాత్య అక్షరాల పట్టికను వాడుతుంది. అప్పుడు "తేజ" అనే మాట పిచ్చి గుర్తులుగా కనపడుతుంది గానీ ప్రోగ్రాం ఆగదు. "మిర్చి" దగ్గరకు రాగానే మాత్రం ఎర్రరొచ్చి కూలిపోతుంది. ఒక మాటకు చెత్త, ఇంకో మాటకు ఎర్రర్, ఏమిటీ వింత?

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. "మిర్చి"లో ర కింద చ వత్తు రావడానికి మధ్యలో పొల్లు గుర్తు ఉంటుంది. దాని మూడో బైటు హెక్స్‌లో 8డీ. 1252 పట్టికలో ఆ గడి ఖాళీ, దానికి అక్షరమే లేదు. అందుకే పైథాన్ చేతులెత్తేస్తుంది. ఉకారపు కొమ్ము మూడో బైటు 81, అదీ ఖాళీ గడే. కాబట్టి వత్తు గానీ హ్రస్వమైన కొమ్ము గానీ ఉన్న ఏ మాటైనా ప్రోగ్రాంను కూల్చేస్తుంది. "గుంటూరు" కూడా కూల్చేస్తుంది. "తేజ"లో ఆ రెండూ లేవు. మీరు "తేజ" ఒక్కదానితో పరీక్షించి, అక్షరాలు చెడినా ప్రోగ్రాం ఆగట్లేదులే అనుకుంటే, మొదటి గుంటూరు రైతు చీటీ దగ్గరే ఫోన్ వస్తుంది.

విరుగుడు ఒక్క మాటలో ఉంది: ఫైల్ తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడం. పైథాన్ 3.15 నుంచి అన్ని సిస్టంలలో అదే డీఫాల్ట్‌గా ఉండాలని నిర్ణయించారు. దుకాణాల్లో పాత వెర్షన్ల మూటలు ఇంకా చాలాకాలం తిరుగుతుంటాయి కాబట్టి రాసే అలవాటు పోగొట్టుకోవద్దు.

తర్వాత ఫాంట్. మీ ఉబుంటులో ఉన్న తెలుగు ఫాంట్ విండోస్‌లో ఉండదు. విండోస్‌లో ఎక్స్‌పీ కాలం నుంచీ గౌతమి ఉంది కదా అని ఆ ఫైల్ అడ్రస్ కోడ్‌లో రాస్తే విండోస్ 10లో దొరకకపోవచ్చు. అక్కడ అది అడిగితే ఎక్కించుకునే అదనపు ఫాంట్ల జాబితాలోకి పోయింది, మామూలుగా వచ్చేది నిర్మలా యూఐ. ఎవరి కంప్యూటర్‌లో ఏముందో ఊహించడం కంటే స్వేచ్ఛగా పంచుకునే లైసెన్సు ఉన్న మండలి లాంటి ఫాంట్‌ను మూటలోనే పెట్టేయడం మేలు. నాలుగో సరుకు అన్నది ఇలాంటిదే. పైఇన్‌స్టాలర్ ఇంపోర్ట్‌లను వెతుకుతుంది తప్ప ఫాంట్లను వెతకదు, డేటా ఫైళ్ల జాబితాలో మనమే చేర్చాలి.

ఫాంట్ చేరినా పని అయిపోలేదు. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీలు కొన్ని అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతాయి. ఇంగ్లిషుకు అది చాలు. తెలుగులో వత్తు కిందికి దిగాలి, గుడి తలకట్టు చోట కుదురుకోవాలి. అలా అమర్చే పనిని షేపింగ్ అంటారు. అది లేకపోతే "మిర్చి"లో చ వత్తు ర కిందికి చేరదు, రకు పొల్లు పెట్టి పక్కన చ వస్తుంది, దాని మీద గుడి అడ్డదిడ్డంగా కూర్చుంటుంది. రైతు చేతికి అలాంటి చీటీ ఇస్తే చదవలేడు. హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఈ షేపింగ్ చేస్తుంది, పీడీఎఫ్ తయారుచేసే ఎఫ్‌పీడీఎఫ్2 దాన్ని వాడుకోగలదు. హార్ఫ్‌బజ్ రాసింది సీ++లో. అంటే ఒక చీటీలో వత్తు సరిగ్గా పడాలంటే మూడో సరుకు, కంపైల్ చేసిన వీల్, మూటలోకి రావాల్సిందే.

యాంటీవైరస్, కోడ్ దాచడం

మూట కట్టి తీసుకెళ్లాక దుకాణంలోని యాంటీవైరస్ దాన్ని వైరస్ అని పట్టుకోవడం సర్వసాధారణం. మీ కోడ్‌లో తప్పేం లేదు. పైఇన్‌స్టాలర్ బూట్‌లోడర్ అందరికీ ఒకటే, వైరస్‌లు రాసేవాళ్లు కూడా అదే వాడారు. నడిచేముందు టెంప్‌లో ఏదో విప్పుకునే ఒకే ఫైల్ పద్ధతి మీద అనుమానం ఇంకా ఎక్కువ. ఫోల్డర్ పద్ధతికి మారితే సగం బాధ తగ్గుతుంది. నెట్ నుంచి దింపుకున్న ఈఎక్స్‌ఈకి విండోస్ నీలి డబ్బా వేసి, ఇది ఎవరిదో తెలియదు అంటుంది. జీమెయిల్ అయితే ఈఎక్స్‌ఈని జిప్‌లో పెట్టినా పంపనివ్వదు. దీనికి సరైన మందు కోడ్ సైనింగ్ సర్టిఫికెట్, అంటే ఈ ప్రోగ్రాం ఫలానావారిదే అని రుజువు చేసే డిజిటల్ సంతకం. అయితే దానికి ఏటా డబ్బు కట్టాలి. 2023 జూన్ నుంచి దాని తాళం ప్రత్యేకమైన హార్డ్‌వేర్‌లోనే ఉండాలన్న నియమం కూడా వచ్చింది. ఒకటి రెండు దుకాణాలకు ఇచ్చే ప్రోగ్రాంకు అది గిట్టుబాటు కాదు. స్వయంగా వెళ్లి ఇన్‌స్టాల్ చేసి, యాంటీవైరస్‌లో మినహాయింపు పెట్టి రావడమే మన దగ్గర నడిచే పద్ధతి.

"కోడ్ ఎవరికీ కనపడకుండా ఇవ్వొచ్చా?" అని చాలామంది అడుగుతారు. పైఇన్‌స్టాలర్‌తో కాదు. మూటలో ఉండేది బైట్‌కోడ్ (ఇంటర్‌ప్రెటర్ కోసం మార్చిన మీ కోడే), దాన్ని విప్పే పనిముట్లు ఉచితంగా దొరుకుతాయి. న్యూట్కా పైథాన్ కోడ్‌ను సీ లోకి మార్చి కంపైల్ చేస్తుంది కాబట్టి విప్పడం కష్టం, కట్టడానికి మాత్రం బాగా సమయం తీసుకుంటుంది. పాస్‌వర్డులు, ఏపీఐ తాళాలు మాత్రం ఎందులోనూ పెట్టకండి.

అసలు పంచకుండా ఉంటే?

ప్రోగ్రాంను ఒక సర్వర్ మీద పెట్టి, దుకాణంలో బ్రౌజర్ తెరవమంటే ఈ తలనొప్పుల్లో చాలావరకు ఉండవు. నాలుగు సరుకులూ ఒకే చోట, మన చేతిలో. ఆ నాలుగింటినీ ఒక పెట్టెలా కట్టి సర్వర్ మీద నడిపే డాకర్ అక్కడ కరెక్టు పనిముట్టు. నెట్ పోతే దుకాణం ఆగిపోతుందన్నది ఒక్కటే ఇబ్బంది, కానీ టిక్కీలు కాటా మీద ఉండగా నెట్ పోవడం చిన్న విషయం కాదు.

సాటి ప్రోగ్రామర్‌కు చిన్న స్క్రిప్ట్ ఇవ్వాలంటే మాత్రం ఇప్పుడు సుఖంగా ఉంది. స్క్రిప్ట్ పైభాగంలోనే కామెంట్ల రూపంలో ఏ పైథాన్, ఏ లైబ్రరీలు కావాలో రాసే పద్ధతి ప్రామాణికమైంది. 2024లో వచ్చిన యూవీ ఆ కామెంట్లు చదివి, కావాల్సిన పైథాన్‌ను కూడా తనే దింపుకుని నడిపిస్తుంది. యూవీ రాసింది రస్ట్ భాషలో. పైథాన్‌ను ఎక్కించే పనిముట్టు నడవడానికి మళ్లీ పైథాన్ కావాలనే పాత చిక్కు అక్కడ తెగిపోయింది.

ఇచ్చేసిన తర్వాత

మొదటిసారి ఇవ్వడం కంటే రెండోసారి ఇవ్వడం కష్టం. యార్డు ఖర్చుల రేట్లు మారితే దానికోసం కొత్త మూట కట్టాల్సిన పని రాకూడదు, అవి సెట్టింగుల్లో ఉండాలి. లెక్క పద్ధతే మారితే కొత్త వెర్షన్ తప్పదు. అప్పుడు ఫోన్లో మీరడిగే మొదటి ప్రశ్న "మీ దగ్గరున్నది ఏ వెర్షనండీ?" అని. దానికి జవాబు గుమాస్తా గారికి విండో పైభాగంలోనే కనపడేలా పెట్టండి, చీటీ అడుగున చిన్న అక్షరాల్లో కూడా ముద్రించండి. డేటాబేస్‌లో కొత్త గడి చేరిస్తే పాత ఫైల్ తెరిచినప్పుడు దాన్ని ప్రోగ్రామే గుర్తుపట్టి, ముందు ఒక కాపీ తీసుకుని, ఆ తర్వాత మార్చుకోవాలి. ఎస్‌క్యూలైట్ ఫైల్‌లో యూజర్ వెర్షన్ అని ఒక అంకె దాచుకునే చోటు ఇందుకోసమే ఉంది.

కట్టిన ప్రతి మూటనూ పైథాన్ అసలు లేని కంప్యూటర్‌లో పరీక్షించాలి. మీ లాప్‌టాప్‌లో నడిస్తే లెక్కలోకి రాదు, మూటలో లేనిదాన్ని అది పక్కనుంచి తెచ్చుకోగలదు. విండోస్ ప్రో ఎడిషన్ ఉంటే అందులో శాండ్‌బాక్స్ అనే ఖాళీ విండోస్ దొరుకుతుంది, మూసేస్తే అంతా చెరిగిపోతుంది. హోమ్ ఎడిషన్‌లో అది లేదు, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ వేసుకోవాలి. అందులో నెట్ తీసేసి, తెలుగు పేరున్న ఫోల్డర్‌లో మూట విప్పి, "గుంటూరు మిర్చి" అని ఒక చీటీ తీసి, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిచి, ఆ చీటీ ఇంకా ఉందో లేదో చూడండి.